చక్రాలమీది సౌధం

హైదరాబాదు నగరంలో కార్వాన్ అనే పేట ఒకటి ఉన్నది. గోలకొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ ఉన్న ఈ పేటకు ఆ పేరు రావటానికి కారణం, కుతుబ్‌షాహీల కాలంలో దూరదేశాలనుంచి వచ్చిన వర్తకుల బిడారులు అక్కడ విడిది చేయటమే. పారసీకుల కారవాన్ ఆ విధంగా మన నగరంలో ఒక చిరునామాగా నిలిచిపోయినది. అదే మాట ఐరోపా ఖండం చుట్టి, ఇంగ్లీషు వేషం ధరించి, మరల మనవద్దకు వచ్చినది. ఇప్పుడు తెలుగునాట కారవాన్ అంటే షూటింగుల మధ్య సినిమా తారలు విశ్రమించే చల్లని బండి అని చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

ఈ మాటకు పూర్వం ఎంత విస్తృతి ఉండేదో తెలియాలంటే ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వ్రాతలు చూడాలి. 17వ శతాబ్దంలో ఆయన గోలకొండ వజ్రాలకోసం పలుమారులు ఈ దేశానికి వచ్చాడు. ఒక్కొక్కచోట పదివేలు, పన్నెండువేలు ఎద్దులు ధాన్యమూ ఉప్పూ మోసుకొని ఒకే బారుగా పోతూ ఉండేవట. ఇరుకుదారిలో ఆ మంద ఎదురైతే, అది దాటిపోయేవరకు రెండు మూడు రోజులు బండి ఆపుకొని కూర్చోవలసి వచ్చేదని ఆయన చెప్పాడు. ఆ ఎద్దులను తోలినవారు బంజారాలు. భార్యాబిడ్డలతో, వంటపాత్రలతో, డేరాలతో సహా వారి సంసారం సమస్తం దారిమీదనే. వారి సంతతివారు నేడు సంగారెడ్డి జిల్లాలో, ముఖ్యంగా నారాయణఖేడ్, జహీరాబాదు ప్రాంతాల తండాలలో స్థిరనివాసం ఏర్పరచుకొని వ్యవసాయం చేసుకుంటున్నారు. దారిమీద కాపురముండటం వారికి బ్రతుకుతెరువు. అది మానగలగటం వారు సాధించుకొన్న సుఖం.

ఇప్పుడు కథ తారుమారైనది. స్థిరమైన ఇల్లు, చాలినంత ధనం ఉన్నవారు ఏరికోరి దారిమీద కాపురానికి బయలుదేరుతున్నారు. వారికోసం తయారవుతున్న బండ్లను గురించే నేడు ముచ్చటించుకుందాం.

వీటిని యాత్రావాహనాలని అంటున్నారు. ఎడారులు, మంచుకొండలు, అడవులు దాటుకొంటూ ఖండాంతరాలకు భూమార్గాన పోవటానికి ఉద్దేశించిన బండ్లు. జర్మనీలో యూనికాట్, ఆస్ట్రియాలో యాక్షన్ మొబిల్ అనే సంస్థలు మాన్ కంపెనీ పెద్ద లారీల ఛాసీ తీసుకొని, దానిమీద ఇల్లు కట్టి ఇస్తున్నవి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 1998లో ప్రారంభమైన ఎర్త్‌రోమర్ అనే సంస్థ ఫోర్డు కంపెనీ ఛాసీమీద ఇదే పని చేస్తున్నది. ఆ సంస్థ బండి వెల అయిదు లక్షల డాలర్లకు పైన. మన లెక్కలో నాలుగు కోట్ల రూపాయలు దాటుతుంది. వారి పెద్ద నమూనా వెల దీనికి ఇంచుమించు మూడింతలు. మనదేశంలో ఈ మోజు ఇంకా చిన్నపాటిదే. వ్యాన్లను, మినీబస్సులను పడకలబండ్లుగా మార్చే పనివారు వివిధ నగరాలలో ఉన్నారు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యటనలకై ప్రత్యేక విధానమే ప్రకటించినది. 2022లో మహీంద్ర సంస్థ, మద్రాసు ఐ.ఐ.టి. నీడన పెరిగిన ఒక చిన్న సంస్థతో కలిసి, బొలేరో బండిమీద తక్కువ వెలకు పడకలబండి తెస్తామని ఒప్పందం చేసుకొన్నది.

ఇంతకూ ఆ పెద్ద బండ్లలో ఏమి ఉంటుంది? మెత్తని పరుపు, వంటగది, శీతలపేటిక, వేడినీళ్ళ స్నానం, మరుగుదొడ్డి, బట్టలుతికే యంత్రం, కప్పుమీద సౌరఫలకాలు, అడుగున బ్యాటరీలు. ఆ ఫలకాలు ఎండను విద్యుత్తుగా మార్చి బ్యాటరీలలో నింపుతవి. రాత్రిపూట ఏ.సి. నడిచేది ఆ నిలువతోనే. చెప్పుకోవటానికి ఇది ముచ్చటగానే ఉన్నది. అయితే ఇందులో ప్రతి సౌఖ్యానికీ ఒక బరువు ఉన్నది. లీటరు నీరు కిలో తూగుతుంది కనుక, నాలుగువందల లీటర్ల తొట్టి అంటే నాలుగువందల కిలోలు. అయిదారుగురు మనుష్యుల బరువు. ఒక గదికి సరిపడు ఏ.సి. రాత్రంతా నడవాలంటే ఎనిమిది, పది యూనిట్ల విద్యుత్తు నిలువ ఉండాలి. అంత నిలువ చేసే బ్యాటరీలు రమారమి నూరు కిలోలు. ఇట్లా కూడుతూ పోగా బండి ఎనిమిది టన్నులో, పదిహేను టన్నులో అవుతుంది. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుతో నడపదగిన బండి మూడున్నర టన్నులు మించరాదు. మనదేశంలో తేలిక వాహనమనే హద్దు ఏడున్నర టన్నులు. పెద్ద యాత్రావాహనం ఈ రెండు హద్దులనూ దాటిపోయి లారీల వరుసలో నిలుస్తుంది.

చట్టం మాట అట్లా ఉండగా నేల మాట ఒకటి ఉన్నది. మంజీర పరీవాహకంలో నల్లరేగడి భూములున్నవని మీకు తెలుసు. ఒక గట్టి వాన కురిసిన మరునాడు ఆ పొలాల దారిలో పది టన్నుల బండి దింపితే ఏమవుతుందో అక్కడి రైతును అడగండి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు ఉన్నా, రేగడి పట్టు రేగడిదే. ఎక్కడికైనా పోగలదని చెప్పి అమ్మే బండి, ఎక్కించిన సామాను మూలంగానే కొన్నిచోట్లకు పోలేకపోవటం ఇందులోని చిక్కు. గట్టి దారి ఉన్నంతవరకే సౌధం కదులుతుంది.

బరువైన బండ్లూ కఠినమైన నేలా సంగారెడ్డి జిల్లాకు కొత్తవి కావు. మచిలీపట్నం నుంచి పూనా పోయే రహదారి, పూర్వం తొమ్మిదవ నంబరు, ఇప్పుడు అరవై అయిదవ నంబరు, పటాన్‌చెరువు, రుద్రారం, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదులమీదుగా సాగిపోతుంది. ఈ దారిపొడవునా బండికి సంబంధించిన పరిశ్రమలు ఉన్నవి. సదాశివపేటవద్ద ఎమ్మారెఫ్ వారి టైర్లు తయారవుతవి. జహీరాబాదులో 1980లలో ఆల్విన్ నిస్సాన్ సంస్థ చిన్న లారీలు చేసేది. అది తరువాత మహీంద్రవారి చేతికి వచ్చినది. నేడు ఆ ఊళ్ళో ట్రాక్టర్లు తయారవుతున్నవి. ఎద్దుమైలారంలోని ప్రభుత్వ కర్మాగారం 1980లనుంచి సైన్యానికి సారథ్ అనే యుద్ధశకటాన్ని చేస్తున్నది. పేరులో ఎద్దు ఉన్న ఊళ్ళో ఇట్టి శకటం పుట్టటం ఒక తమాషా. సుమారు పధ్నాలుగు టన్నుల ఆ బండి పట్టాలగొలుసుమీద నడుస్తుంది గనుక బరువంతా పరుచుకొని, బురదలోనూ ఇసుకలోనూ పోగలదు. నీటిలో తేలి ఏరు కూడా దాటగలదు. అందులో పదిమంది సైనికులు ఇరుక్కొని కూర్చుంటారు. పరుపు లేదు, స్నానపుగది లేదు. నిజంగా ఎక్కడికైనా పోవలసిన బండిని రూపొందించేవారు ఏమేమి వదలిపెడతారో దానిని చూస్తే బోధపడుతుంది.

ఇంకొక చిన్న విశేషం చెప్పి ముందుకు పోదాం. ఐరోపా యాత్రికులు ఎంతో మక్కువపడే యూనిమోగ్ అనే బండి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే జర్మనీలో దానిని రైతులకోసం రూపొందించారు. దాని చక్రాల నడిమి ఎడం సరిగా రెండు బంగాళదుంప సాళ్ళ వెడల్పు. మొక్క నలగకుండా చేలో నడవాలని ఆ కొలత పెట్టారు. బంగాళదుంప పండించే జహీరాబాదు రైతుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. దున్నటానికీ దుంపలు మోయటానికీ పుట్టిన బండిమీద నేడు పాలరాతివంటి వంటబల్లలూ, తోలు సోఫాలూ ఎక్కించి సహారాకు తీసుకొనిపోతున్నారు.

ధనవంతులు హాయిగా ప్రయాణం చేస్తే మనకేమి బాధ అని మీరు అడగవచ్చు. బాధ ఏమీ లేదు. నా సందేహం మరొకటి. ఈ బండ్లు అమ్మేవారు గొప్పగా చెప్పే గుణం ఏమనగా, పది పదిహేను రోజులపాటు ఎవరి అవసరమూ లేకుండా ఇందులో ఉండవచ్చును. నీరు, నిప్పు, విద్యుత్తు, శౌచం అన్నీ లోపలనే. అంటే దారిలోని ఏ ఊరినీ ఏమీ అడగనక్కరలేదు. అడగవలసిన అవసరం పోయినప్పుడు యాత్రలో ఏమి మిగులుతుంది అనేదే నా ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన వాఙ్మయంలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. చెన్నపట్నపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను మాసాల ప్రయాణం. ఆయన బీదయాత్రికుడు కాడు. తల్లి, బంధువులు, బోయీలు, పరిచారకులు అందరూ కలిసి సుమారు నూరుమంది. పల్లకీలు, డేరాలు, వంటసామగ్రి. ఆనాటికి అదే సౌఖ్యయాత్ర. అదే కదిలే సౌధం. ఆయన తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూచుకొని హైదరాబాదు చేరి, అక్కడినుంచి ఉత్తరాన నిర్మల, నాగపూరులమీదుగా పోయారు. పటాన్‌చెరువు దారి ఆయన తొక్కలేదు.

అయితే నూరుమంది పరివారమున్నా వీరాస్వామయ్యగారు పదిహేను రోజుల బియ్యమూ నీళ్ళూ కట్టుకొని పోలేదు. పోవటం సాధ్యమూ కాదు. ప్రతి మజిలీలోనూ బావి ఎక్కడ, నీళ్ళు తియ్యనా ఉప్పనా, అంగడి ఉన్నదా, సత్రమున్నదా, ముందున్న బాట రాతినేలా రేగడా అని విచారించక తప్పదు. ఆ విచారణ ఫలితమే 'కాశీయాత్ర చరిత్ర'. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన ఉత్తరాలు 1838లో గ్రంథమైనవి. ఆనాటి ఊళ్ళు, ధరలు, పంటలు, అధికారుల తీరు, బాటసారుల భయాలు మనకు దానివల్ల తెలుస్తున్నవి. ఆయన పల్లకీలోనే నీటితొట్టీ శీతలపేటికా ఉండి ఉంటే మనకు ఆ గ్రంథం దక్కేదా అని నాకు అప్పుడప్పుడు తోస్తుంది. ఆయనకు కావలసినవి ఆయనవద్ద లేకపోవటంవల్లనే ఊళ్ళు ఆయనతో మాట్లాడినవి.

ఖండాంతర యాత్రలలోనూ ఇట్టి సంగతే కనబడుతుంది. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్‌రోవర్లలో లండన్ విడిచి 1956 మార్చిలో సింగపూరు చేరారు. 1957 ఏప్రిల్ 15న ఇండియామన్ అనే బస్సు ఇరవైమంది ప్రయాణికులతో లండన్ వదలి జూన్ 5న కలకత్తా చేరినది. ఒకవైపు ఛార్జీ 85 పౌనులు. ఆ త్రోవన తరువాత రెండు దశాబ్దాలపాటు పాతబస్సులలో, వ్యాన్లలో యువకులు తండోపతండాలుగా వచ్చారు. 1979లో ఇరానులో విప్లవం, అదే సంవత్సరాంతంలో ఆఫ్గనిస్తానంలో సోవియట్ సైన్యాల ప్రవేశం ఆ త్రోవను మూసివేసినవి. బండి ఎంత గట్టిదైనా సరిహద్దు తలుపు అది తెరవలేదు గదా.

సౌఖ్యం లేకుండా ఎంతదూరం పోవచ్చునో చూపినవాడు గుంథర్ హోల్టోర్ఫ్ అనే జర్మన్. ఆయన 1980ల చివర మెర్సిడెస్ జీపువంటి బండిలో బయలుదేరి 2014 వరకు తిరిగాడు. ఎనిమిదిన్నర లక్షల కిలోమీటర్లకు పైగా ప్రపంచమంతా తిరిగినది ఒక్కటే బండి. వెనుకభాగంలో పరుపు, పెట్టెలలో వంటపాత్రలు, విడిభాగాలు. ఏ.సి. లేదు. చాలాభాగం భార్య వెంట ఉన్నది. బండి చెడిపోతే తానే బాగుచేసుకొనేవాడు. ఆ బండి ఇప్పుడు జర్మనీలో ప్రదర్శనశాలకు చేరినది. దీనికి ఎదురుగా మన చౌమహల్లా ప్యాలెసులోని పచ్చని రోల్స్‌రాయిస్ కారును పెట్టి చూడండి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ సింహాసనంవంటి ఆసనంతో చేయించుకొన్నది. 1911లో ఆయన కాలధర్మం చెందాడు. ఆ కారు తిరిగిన దూరం అత్యల్పం.

తెలుగువారి యాత్రావాహనం అనదగినది ఒకటున్నది. దానిని చూచినవారు మనలో చాలామంది ఉన్నారు. 1982లో నందమూరి తారక రామారావుగారు రాష్ట్రమంతటా పర్యటించటానికి పాతకాలపు షెవర్లే వ్యాను ఒకటి తీసుకొని మార్పులు చేయించారు. దానికి చైతన్యరథమని పేరు. నెలల తరబడి అదే ఆయన ఇల్లు. కుమారుడు హరికృష్ణ సారథి. నిద్ర అందులోనే, స్నానం, క్షవరం రోడ్డుపక్కనే. రాజకీయాలు మనకు ఇక్కడ అప్రస్తుతం. బండిని మాత్రమే చూద్దాం. ఆ బండిలో అన్నిటికంటె ముఖ్యభాగం దాని పైకప్పు. మనిషి బయటకు వచ్చి, అందరికీ కనబడి, మాట్లాడటానికి ఆ బండి కట్టబడినది. నేటి యాత్రావాహనంలో కప్పుమీద సౌరఫలకాలున్నవి. నిలబడటానికి చోటు లేదు.

ఇంతమాత్రాన సౌఖ్యమంతా దోషమని నేననను. మరుగుదొడ్డి సంగతి తీసుకొనండి. మన రహదారులమీద దూరప్రయాణం చేసే స్త్రీలు నీళ్ళు త్రాగటానికే భయపడతారు. తాగితే దిగవలసివస్తుంది, దిగిన చోట తగిన వసతి ఉంటుందన్న నమ్మకం లేదు. పెద్దవయసు తల్లిదండ్రులను ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని దర్శనానికో, బీదరు కోట చూపటానికో తీసుకొనిపోయే కుటుంబానికి బండిలోనే పడకా శౌచమూ ఉండటం విలాసమనటం అన్యాయం. మోకాళ్ళనొప్పులవారు, మధుమేహమున్నవారు ఇల్లు కదలగలిగేది అటువంటి ఏర్పాటు ఉన్నప్పుడే. వీరాస్వామయ్యగారి తల్లికి పల్లకీ ఎట్లాగో వీరికి ఇదీ అట్లాగే. బండిలోకి ఎక్కించుకొన్న ప్రతి వసతీ దారిలో దొరకనిదేనని గ్రహిస్తే చాలు. సత్రాలు, చలిపందిళ్ళు, దిగుడుబావులు వెలసిన కాలంలో ఆ వసతులు దారికే ఉండేవి. రాజుకూ కూలికీ అవే నీళ్ళు. ఇప్పుడు కొనగలవాడు తన సత్రాన్ని తానే చక్రాలమీద పెట్టుకొని పోతున్నాడు.

మరి కొనలేనివాడో? అతనిని చూడటానికి సహారా పోనక్కరలేదు. హైదరాబాదు చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల వెలుపలి వలయరహదారి పటాన్‌చెరువు పక్కన ముత్తంగివద్ద పూనా రహదారిని కలుస్తుంది. అక్కడినుంచి ఇస్నాపూరు, పాశమైలారం కర్మాగారాల వైపు పోతే రోడ్డు అంచున లారీలు బారులు తీరి ఉంటవి. మందులు, రసాయనాలు, ఇనుము, యంత్రభాగాలు ఎక్కించుకోవాలి లేదా దించాలి. పిలుపు వచ్చేవరకు కొందరు పూట, కొందరు రెండు రోజులు నిరీక్షిస్తారు. డ్రైవరు, క్లీనరు చక్రానికి రాయి అడ్డుపెట్టి, లారీ నీడ పడినవైపు చిన్న గ్యాసుపొయ్యి వెలిగించి అన్నం వండుకుంటారు. పక్కన కట్టిన డబ్బాలో నీళ్ళు. పడక క్యాబిన్‌లో సీటు వెనుకనో, కప్పుమీదనో. వేసవిలో ఇంజను వేడి, రోడ్డు వేడి, ఫ్యాక్టరీల వాసన కలిసి ఆ క్యాబిన్ ఎట్లా ఉంటుందో ఊహించుకొనండి. గుజరాతు నుంచో, పంజాబు నుంచో ఇల్లు విడిచి వచ్చి నెలకు పాతిక రోజులు బండిలోనే కాపురమున్న ఈ మనిషి చేసే ప్రయాణాన్ని సాహసయాత్ర అని ఎవరూ అనరు.

యాత్రావాహనాల తయారీదారులు ఇరవై సంవత్సరాలుగా సాధిస్తూ వచ్చిన విద్య ఇతనికే ముందుగా అందవలసినది. ఇంజను ఆపినా ఫ్యాను తిరిగే బ్యాటరీ, కప్పుమీద ఒక సౌరఫలకం, వేడి లోపలికి రానీయని గోడ, పడుకోదగిన పరుపు. ఇవి కోట్ల రూపాయల సరకు కావు. సినిమా తార కారవాన్‌కు బాడీ కట్టే కమ్మరి, వడ్రంగి, విద్యుత్తు పనివారే లారీ క్యాబిన్‌కూ పనిచేయగలరు. ఆటోనగర్లలో లారీలకు రంగులు వేసి, పువ్వులు చెక్కి, కుచ్చులు కట్టే నేర్పు మనవారికి ఎన్నడో ఉన్నది. క్యాబిన్ లోపలి మనిషిని గురించిన ఆలోచన మాత్రం ఇటీవలనే మొదలైనది.

మొదలైనదని చెప్పటానికి ఆధారాలున్నవి. మూడున్నర టన్నులకు మించిన సరకుబండ్లలో, 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే ప్రతిదానికీ డ్రైవరు క్యాబిన్‌లో ఏ.సి. ఉండితీరాలని కేంద్రప్రభుత్వం 2023 డిసెంబరులో నియమం వెలువరించినది. ప్రభుత్వ చమురు సంస్థలు పెట్రోలు బంకులవద్ద అప్నా ఘర్ అనే పేర లారీ డ్రైవర్లకు విడిదిళ్ళు కట్టిస్తున్నవి. అందులో పడకలు, మరుగుదొడ్లు, స్నానానికి నీళ్ళతొట్టి, స్వయంగా వండుకొనేవారికి వంట చోటు. ఇవి పెట్రోలు బంకుల ఆవరణలలో ఉన్నవి. లారీ ఎక్కువసేపు ఆగేది మాత్రం సరకు ఎక్కే చోట, దిగే చోట. అక్కడ ఫ్యాక్టరీ గోడకు వెలుపల ఒక కుళాయి, రెండు మరుగుదొడ్లు, నాలుగు వేపచెట్లు ఉండాలని ఏ నియమమైనా వస్తే దానిని మొదట అమలుపరచవలసిన చోట్లలో పాశమైలారం ఒకటి. ఏ.సి. నియమమైనా కొత్త లారీలకే గాని పాతవాటికి వర్తించదు. లారీ ఒకసారి రోడ్డెక్కితే పది పదిహేను సంవత్సరాలు తిరుగుతుంది. ఈ రోజు మధ్యాహ్నం ముత్తంగివద్ద నిలిచి ఉన్న లారీలలో అధికభాగం ఆ తేదీకి ముందు తయారైనవే.